రేణిగుంటలో ఆగిన ఫాక్సు

మా ఇంటాయన పేరు జయచంద్ర. చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మా ఇంటి ముందర గదిలోనే టైపు ఇనిస్టిట్యూట్ పెట్టుకోని ఉండాడు. మనిషి మంచోడే. కోపం లేదు, తాగుడు లేదు, పేకాట లేదు. ఉండేదంతా ఒగటే రోగం, కొత్త మిషన్ కనపడితే ఆగలేడు. నాకేమో ముక్కు మీదనే కోపం. మా ఇద్దరికీ జాతకాలు చూసిన అయ్యవారు యాడుండాడో గానీ, దొరికితే నేను ఆయన్ని రెండు మాటలు అడగాల్సిందుండాది.

ఏ మిషన్ తెచ్చినా ముందు దాన్ని విప్పి చూడాల. విప్పి చూసి మళ్లా బిగించినాంక ఒగ స్క్రూ మిగలాల. గ్రైండరు తెచ్చినప్పుడు మిగిలింది, టేపురికార్డరు తెచ్చినప్పుడు మిగిలింది, దోమల్ని సంపుతుందని ఒగ నీలం లైటు తెచ్చినాడు, దానికీ మిగిలింది. ఆ స్క్రూలన్నీ ఒగ హార్లిక్స్ సీసాలో ఏసి కిటికీలో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలు అవేందని అడిగితే, అవి కంపెనీవోళ్లు తెలీక ఎక్కువ పెట్టినవి అని చెప్తాడు. నేను వంటింట్లో పళ్లు కొరుక్కుంటా ఉంటా.

కంప్యూటర్లు అప్పుడప్పుడే మా ఊర్లోకి వస్తా ఉన్నాయి. టైపు నేర్చుకునే పిల్లోళ్లు ఒకరెనక ఒకరు కంప్యూటర్ క్లాసులకి పోయినారు. టైపు మిషన్ల మీద దుమ్ము పడతా ఉంటే చూడలేక, ఈయన గూడా ఎవురో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒగటి, టకటక గీసే ప్రింటరు ఒగటి తెచ్చి పెట్టినాడు. అంతటితో ఊరుకోనుంటే ఈ కతే లేదు. ఏదో పని మీద మద్రాసు పోయి, వచ్చేటప్పుడు అరచెయ్యంత ఆకుపచ్చ రేకు ఒగటి, పసిబిడ్డని ఎత్తుకోనొచ్చినట్ల గుండెకి ఆనించుకోని తెచ్చినాడు. ఫాక్స్ మోడెం అంట. కంప్యూటర్ కడుపులో పెట్టి టెలిఫోన్ వైరు తగిలిస్తే, ప్రపంచంలో యాడనుంచి యాడికైనా కాయితం పోతుందంట, వస్తుందంట. ఫాక్సు మిషన్ కొనే పని లేదంట. నేను వక్కాకు నములుతా వింటా ఉన్నా. ఇంగో స్క్రూ మిగలబోతా ఉండాది అనుకున్నా.

రాహుకాలం పోయినాంక ముహూర్తం పెట్టినాడు. మా పక్క సైకిలు కొన్నా, కుట్టు మిషన్ కొన్నా బొట్టు పెట్టకుండా ముట్టరు. ఈయన స్నానం చేసి, పంచె కట్టి, కంప్యూటర్ డబ్బా రేకు ఊడదీసి పక్కన పెట్టి, ఆ ఆకుపచ్చ రేకుని తమలపాకు మీద పడుకోబెట్టినాడు. టెంకాయ కొట్టినాడు, కర్పూరం అంటించినాడు. దాని కింది అంచున దువ్వెనకి ఉన్నట్ల బంగారు పూత పూసిన పండ్లు వరసగా ఉండాయి. ముఖమెక్కడో తెలీక ఆ పండ్లకే గంధం పూసి కుంకుమ పెట్టినాడు. బొట్టు డబ్బాకి పెట్టు, దాని పండ్లకెందుకు అని నేను చెప్పనే చెప్పినా. ఆడోళ్లకేం తెలుసని తలకాయ ఊపి, నిమ్మళంగా లోపల గాడిలోకి తోసినాడు. వైరు తగిలించి బటన్ నొక్కినాడు. కొత్తగా ఏమీ రాలేదు, ఏ మోడెమూ కనపడలేదు పొమ్మన్నట్ల స్క్రీను మీద రాసొచ్చింది.

కొత్త గదా, సిగ్గు పడతా ఉండాది అన్నాడు. మర్నాడూ సిగ్గు పడింది. మద్రాసులో అమ్మినోడికి ఫోన్ చేస్తే, దాన్ని బయటికి తీసి పెన్సిల్ రబ్బరుతో పండ్లు తుడిచి మళ్లా పెట్టు అన్నాడంట. తుడస్తా ఉంటే గంధమూ కుంకుమా పొడిపొడిగా రాలింది. నేను ఏమీ మాట్లాడలేదు. నేనేమీ మాట్లాడకపోతే ఆయనకి ఇంగా రోషమొస్తుంది, అది నాకు తెలుసు. ఈ దఫా మిషన్‌కి మోడెం కనపడింది. ఆయన మొహం చూడాల, బిడ్డకి మొదటి పన్ను మొలిచినట్ల మురిసిపోయినాడు.

పరీక్ష చేద్దామని ఒగ కాయితం టైపు కొట్టి, బజారులో ఉండే టెలిఫోన్ బూతుకి ఫాక్సు పంపించి, అది పోయిందో లేదోనని చెప్పులు గూడా ఏసుకోకుండా ఉరికినాడు. పోయిండాది. ఆ కాయితం చేత పట్టుకోని వీధంతా చూపిస్తా వచ్చినాడు. ఆ పొద్దే ఇంటి ముందర బోర్డు కట్టినాడు, ఇచ్చట ఫాక్సు పంపబడును, అందుకొనబడును అని.

అంతా బాగుండాది, అయితే వచ్చే కాయితం యాడనుంచి వస్తుందని నేను అడిగినా. ఆ డబ్బాకి ముందర పక్క ఒగ పల్లెం మాదిరి బయటికొచ్చి లోపలికి పోతుంది గదా, దాంట్లోంచి వస్తుందేమో అనుకున్నా. ఆయన కడుపు పట్టుకోని నవ్వినాడు. అది సీడీలు పెట్టేదంట. ఫాక్సు వస్తే ప్రింటరే దానంతట అది తెలుసుకోని టకటక కొట్టి ఇస్తుందంట. టైపు పిల్లోళ్ల ముందర గూడా చెప్పి నవ్వినాడు. సరే, నాకు తెలీదు, ఒప్పుకుంటా. ఆయనకేం తెలుసో మీరే చూస్తారు.

ఆ మిషన్ ఇంగొకటి అడిగింది. ఫోను మోగితే ఎన్ని రింగులకి నేను ఎత్తుకోవాల అని. ఈయన గడ్డం గోక్కుంటా శానాసేపు ఆలోచన చేసినాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వాకిట్లో నిలబెడతామా కోమలీ అని నన్ను అడిగినాడు. నిలబెట్టం అన్నా. అయితే ఒగటే అని ఒగటి కొట్టినాడు. మా కొంప మునిగింది ఆ ఒగటి దగ్గరే.

ఆ కొత్తలోనే తిరుపతిలో ఒగ పెళ్లికి పోయినాము. మా అన్న సుబ్రమణ్యం గూడా వచ్చినాడు. ఆయన పులికాట్ పక్కన తడలో ఉంటాడు. రొయ్యలకీ చేపలకీ ఏసే ఐసు ఫ్యాక్టరీలో మేనేజరు. నాకు తోడబుట్టినోడు ఆయనొక్కడే. మా అమ్మా నాయనా పోయినాంక నాకు పుట్టిల్లంటే ఆయనే. ఆడ కొత్తగా ఇల్లు కడతా ఉన్నాడు, గోడలు లేచి పైన కప్పు ఏసినారు. మా ఇంటాయన పంక్తిలో కూర్చోని పప్పు కలుపుకుంటా, ఇంగ నాకు ఏం చెప్పాలన్నా ఫాక్సే కొట్టండి అని అందరికీ ఎచ్చులు చెప్తా ఉన్నాడు. మా అన్న నవ్వుతా, గృహప్రవేశం పత్రిక గూడానా బావా అన్నాడు. పత్రికే ముందు బావా, అంత దూరం బస్సెక్కి వచ్చి బొట్టు పెట్టేదెందుకు, కొట్టు అన్నాడు ఈయన. నేను ఆ పక్కనే ఉన్నా. పాయసం బాగుందని ఇంగో గరిటె ఏయించుకుంటా ఉన్నా, ఆ మాట చెవినేసుకోలేదు.

మా ఇండ్లల్లో గృహప్రవేశమంటే ఆడబిడ్డ పాలు పొంగియ్యాల. ఇంటి ఆడబిడ్డ కొత్త పొయ్యి అంటించి పాలు పొంగిస్తేనే ఆ ఇంట్లో వంట. నేను అప్పటికే ఒగ ఇత్తడి గిన్నె కొని, చింతపండు పెట్టి తోమి, గుడ్డలో చుట్టి అటక మీద దాచిపెట్టినా. అన్న ఎప్పుడు పిలుస్తాడా అని కండ్లల్లో వత్తులేసుకోని చూస్తా ఉన్నా.

ఇంట్లో ఫోను చూస్తే, మోగీ మోగకముందే ఆగిపోతా ఉన్నింది. ట్రింగ్ అంటుంది, నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటా వచ్చేలోపల కంప్యూటర్ డబ్బా ఎత్తుకోని కీ... అని అరిచి, గరగరమని, కొంచెం సేపటికి ఊరుకుంటుంది. ఏందయ్యా ఇది అంటే, లైన్ పరీక్ష చేసుకుంటా ఉండాది, తెలివైన మిషన్ అన్నాడు. స్క్రీను కింద మూలన ఒగ చిన్న కాయితం బొమ్మ మినుకుమినుకుమంటా ఉన్నింది. అదేందంటే, అది దాని ఊపిరి, ఆరిపోగూడదు అన్నాడు. అది ఆరిపోతుందని రాత్రీ పగలూ కంప్యూటర్ ఆపకుండా పెట్టినాడు. ప్రింటర్లో మడతల కాయితం పెట్టి, దాని నెత్తిన పువ్వు పెట్టి, రోజూ పొద్దున్నే ముందర కూర్చోని చూసేది. ఒగ కాయితమూ రాలేదు. ఎవురన్నా పంపితే గదా అని తనకి తానే చెప్పుకునేది.

నాకు ఫోన్ చేసేవోళ్లే లేకపోయినారు. రోజూ అరగంట మాట్లాడే చంద్రకాంతమ్మ పెద్దమ్మ గూడా మర్చిపోయింది. అన్న చెయ్యలేదు. సరే, ఇల్లు కట్టే మనిషికి రోషమెక్కువ ఉంటే చెల్లెలికి అంతకంటే ఎక్కువ ఉండాది, ఆయనే చెయ్యనీ అని నేనూ బిగదీసుకోని కూర్చున్నా.

ఒగ పొద్దు చంద్రకాంతమ్మ పెద్దమ్మ చేతిలో లడ్ల సంచితో దిగింది. దిగీ దిగకముందే ఎగాదిగా నన్ను చూసి, నీకు ఒళ్లు బాగుండాదా అనింది. నాకేమి పెద్దమ్మా అంటే, ఎప్పుడు ఫోన్ చేసినా కీమని అరుస్తావంట, చుట్టాలందరూ అనుకుంటా ఉండారంట, ఎవురన్నా చేతబడి చేసినారేమోనని. నేను నోరెళ్లబెట్టినా. ఆపైన అసలు మాట చెప్పింది. సుబ్రమణ్యం ఇంటి గృహప్రవేశం అయిపోయిందంట. ఈ లడ్లు ఆడివేనంట. ఆడబిడ్డ రాలేదని ఊరంతా మాట్లాడుకున్నారంట.

పాలు ఎవురు పొంగించినారు పెద్దమ్మా అని అడిగితే, నేను భోజనాలకి పోయినా, ఆ ముందరి సంగతి నాకు తెలీదు అనింది. అటక మీద గిన్నె తెచ్చుకోని ఒళ్లో పెట్టుకోని ఏడ్చినా. మా వదిన చెల్లెలెవురో పొంగించి ఉంటుందని నాకు నేనే అనుకోని, దానికింకో దఫా ఏడ్చినా.

మా ఇంటాయనకి కోపం రాదని చెప్పినా గదా, ఆ పొద్దు వచ్చింది. పిలవకుండా చేసుకుంటాడా, ఇంటల్లుణ్ణి అని ఎగిరినాడు. పెద్దమ్మ ఆ మాట మోసుకోని తడకి పోయింది. మా అన్న ఆడ ఎగిరినాడంట. పిలవకపోవడమేంది, ఆయన చెప్పినట్లే ఫాక్సు కొట్టినా, ఒగటి కాదు మూడు కొట్టినా, పోయినట్ల బూతు మిషనే రసీదు ఇచ్చింది అని. శుభమని పత్రిక నాలుగు మూలలా తడి పసుపు పూసి మరీ ఫాక్సు మిషన్లో పెట్టినాడంట. ఆ బూతు జోయల్ అనే ఆయనది. ఆ పసుపు మిషన్ లోపల అంటుకోని, ఆ పొద్దునుంచి ఆ బూతులో ఎవురు ఏ కాయితం పంపినా నాలుగు మూలలా మచ్చలతో పోతా ఉండాదంట. రొయ్యల యాపారులు పంపే ఫాక్సుల్ని మద్రాసోళ్లు చూసి, ఈ మచ్చలేంది, కొత్త ముద్రా అని అడుగుతా ఉండారంట. జోయల్ మా అన్నని తిట్టని తిట్టు లేదంట.

పెద్దమ్మ ఈ మాటలు మోసుకోని మళ్లా చిత్తూరు వచ్చింది. ఆమెకి బస్సు ప్రయాణమంటే ఇష్టం. మా ఇంటాయన ప్రింటర్ మీద చెయ్యి పెట్టి, ఒగ కాయితం ముక్క గూడా రాలేదు, కాణిపాకంలో ప్రమాణం చేస్తా అన్నాడు. మా అన్న గూడా, నేను పంపినా, నేనూ చేస్తా రమ్మను అన్నాడంట. శుక్రవారం పొద్దున అని నిర్ణయం చేసుకున్నారు.

ఈ పక్క పోలీసు స్టేషన్లో తెగని తగువులు కాణిపాకంలో తెగతాయి. కోనేట్లో మునిగి, తడి గుడ్డలతో వినాయకుని ముందర నిలబడి మాట చెప్తే, ఆ మాటకి ఇంగ తిరుగు లేదు. అబద్ధం చెప్పినోణ్ణి స్వామి చూసుకుంటాడు. అది సరే. అయితే ప్రమాణం దాకా పోయిన రెండిండ్లు మళ్లా ఒగరింట్లో ఒగరు చెయ్యి కడిగేది లేదు. నిజమెవురిదైనా, ఆ పొద్దుతో నాకు పుట్టిల్లు లేనట్లే. వాళ్లిద్దరికీ రోషం ముఖ్యం, నా సంగతి ఎవురికీ పట్టలేదు. వద్దయ్యా, కడుపులో పెట్టుకుందాము అని నేను ఆయన గడ్డం పట్టుకోని చెప్పినా. మాట పోతే మనిషి ఎందుకు కోమలీ అన్నాడు. అంత మంచి మాట ఆయన నోట్లోంచి అప్పుడే రావాల్నా?

శుక్రవారం వచ్చె. నేను తెల్లారి లేచి గడపకి పసుపు రాస్తా ఉన్నా. ఆయన వెనక నీళ్ల తొట్టి కాడ స్నానం చేస్తా, నేను చూడలేదు, నాకు రాలేదు అని ప్రమాణం మాటలు గట్టిగా కంఠస్తం పెడతా ఉన్నాడు. ముందర గదిలో ఆ కంప్యూటర్, దాని మూలన ఆ బొమ్మ మినుకుమినుకు. నాకు ఒళ్లు మండింది. దీనెమ్మ కడుపు కాలా, దీని ఊపిరి తీసేస్తా అని పసుపు చేత్తోనే పోయి కూర్చున్నా. నాకు ఆ మిషన్లో వచ్చిందల్లా పేకాట ఒగటే. ఆయన పడుకున్నప్పుడు ఆడుకునేది, ఎవురికీ చెప్పొద్దండి. ఆ పేకాటలో నొక్కినట్లే ఆ బొమ్మ మీద రెండు దఫాలు నొక్కినా.

ఆరిపోతుందనుకుంటే తెరుచుకునె. స్క్రీను నిండా ఒగ కాయితం. నాలుగు మూలలా బొటనవేలంత నల్ల మచ్చలు. నడుమ శుభలేఖ, మా నాయన పేరు, మా అన్న పేరు. కింద అన్న చేతిరాత. ఇంగో రెండు కాయితాలు దాని వెనక ఉండాయి. అన్నీ ఈ డబ్బాలోనే, నెలనుంచీ మూలన మినుకుమినుకుమని మొత్తుకుంటా ఉండాయి. దాన్నేమో మేము ఊపిరి అనుకున్నాము.

నాకు అంతా అర్థమైపాయె. అది కీమని అరిచినప్పుడల్లా ఫోన్ చేసింది మా అన్న, పెద్దమ్మ, ఊర్లోని చుట్టాలు. ఈయన ఇప్పుడు పోయి దేవుని ముందర రాలేదు అంటాడు, అది అబద్ధం. రాలేదు అనకపోతే, ఇన్నాళ్లూ అబద్ధమాడినట్ల. ఏ దోవ పట్టినా మా అన్న ఇంటి గడప నాకు లేదు. వెనక చెంబు చప్పుడు ఆగిపోయింది, తుడుచుకుంటా ఉండాడు. స్క్రీను పైన ప్రింటరు బొమ్మ ఒగటి కనపడింది. ఏదైతే అదయిందని దాన్ని నొక్కి, మౌసు వదిలేసి వంటింట్లోకి ఉరికినా.

ప్రింటరు గర్రుమనింది. ఆయన తడి టవల్‌తో ఉరికొచ్చినాడు. నేను ఏమీ ఎరగనట్ల గరిటె చేత పట్టుకోని వాకిలి కాడ నిలబడినా. నల్ల మచ్చలు, శుభలేఖ, అన్న రాత, ఒగటెనక ఒగటి బయటికొస్తా ఉండాయి. ఆయన కదలకుండా నిలబడినాడు. మిషన్ పక్క చూసినాడు, బల్ల పక్క చూసినాడు, నా పక్క చూసినాడు. ఆపైన గొంతు సవరించుకోని చెప్పినాడు.

"కోమలీ, ఫాక్సు వచ్చె. ఇన్ని దినాలు రేణిగుంటలో ఆగిపోయి ఉండాల."

రేణిగుంటలో ఎందుకు ఆగుతుందయ్యా అన్నా. అన్ని రైళ్లూ ఆడ ఆగవా, టెలిఫోన్ లైన్లు గూడా అట్లే పోతాయి, జంక్షన్ గదా, రద్దీ ఉంటుంది అన్నాడు. ఇంత తిక్కలోడికి కట్టబెట్టినారే నన్ను అని మనసులో అనుకున్నా, స్వామీ ఈ తిక్కని ఈ ఒగ పొద్దు కాపాడు అని మొక్కుకున్నా గూడా.

మూడో కాయితం చివర్న వచ్చింది. గృహప్రవేశం పొద్దున రాసింది. చినిగిన కాయితం మీద పెన్సిల్‌తో, పీట మీదనుంచి లేసొచ్చి బూతులో నిలబడి రాసినట్ల గజిబిజిగా ఉండాది. దాంట్లో ఇట్ల ఉండాది: "చెల్లీ, ముహూర్తం దాటిపోతా ఉండాది. నువ్వు రాలేదు. ఎవురో ఒగరితో పాలు పొంగించమని అయ్యవారు అంటా ఉండాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వొచ్చేదాకా ఆ పొయ్యి అంటించేది లేదు."

అటకెక్కి గిన్నె తీసి సంచిలో ఏసుకున్నా. ఆయన కాయితాలు చింపకుండా, మూడూ ఒగటికొగటి అంటుకోనున్నట్లే మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. బస్సెక్కినాము.

కాణిపాకంలో మా అన్న మా కంటే ముందే వచ్చేసినాడు. కోనేట్లో మునిగి, నెత్తినుంచి నీళ్లు కారతా, ఒంటి పంచెతో, కండ్లు ఎర్రగా చేసుకోని నిలబడి ఉండాడు. పక్కన పెద్దమ్మ సాక్షి. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. నెలకే మనిషి నలిగిపోయినాడు. మా ఇంటాయన నేరుగా పోయి ఆయన తడి చెయ్యి పట్టుకోని, ఈడ వద్దు బావా, బయటికి రా, మాట్లాడాల అన్నాడు. దేవుని ముందర మాట్లాడేదానికే గదా వచ్చింది, ఈడనే చెప్పు అన్నాడు అన్న. ఈయన వినలేదు. చెయ్యి వదలకుండా గోపురం దాటించి, టెంకాయలంగళ్లు దాటించి, బస్సులు నిలిచే కాడికి ఈడ్చుకోని పోయినాడు. నీళ్లు కారతా ఒగడు, ఈడుస్తా ఒగడు, వెనక సంచితో నేను, నా వెనక పెద్దమ్మ. జనమంతా మమ్మల్నే చూస్తా ఉండారు.

ఆడ నిలబెట్టి కాయితాలు మడత విప్పినాడు. మూడు కాయితాలు పొడుగ్గా గాలికి ఎగిరినాయి. నీ ఫాక్సు ఈ పొద్దే చేరింది బావా, రేణిగుంటలో ఆగిపోయిందంట అని చెప్పినాడు. మా అన్న ఆ మచ్చలు చూసినాడు, తన రాత తాను చూసుకున్నాడు. నమ్మేదా వద్దా తెలీక నా పక్క తిరిగి, నిజమేనామ్మా అన్నాడు. గుడి వెనక అంత దూరాన ఉండాదని ఒగ దఫా తిరిగి చూసుకోని, అవున్నా, రేణిగుంటే అన్నా.

అన్న మూతి బిగించుకున్నాడు. బిగించుకున్న మూతి వణికింది. వణికి వణికి ఫక్కున నవ్వినాడు. రేణిగుంటలోనా అని అడగతా నవ్వినాడు, టీ నీళ్లు తాగిందా, ఇడ్లీ తినిందా నా ఫాక్సు అని అడగతా నవ్వినాడు. కూర్చోని నవ్వినాడు, తడి పంచెకి మట్టంతా అంటుకునింది. మా ఇంటాయన బిక్కమొహం ఏసుకోని, రద్దీ ఎక్కువ బావా అంటా ఉండాడు. పెద్దమ్మకి మాత్రం, ప్రమాణం లేకుండా పోయిందే అని కొంచెం చిన్నతనంగా ఉన్నింది.

ఆ పొద్దే తడకి పోయినాము. కొత్త ఇంటి వసారాలో కిరసనాయిలు స్టవ్ పెట్టుకోని, పొగలో దగ్గతా మా వదిన అన్నం వండతా ఉండాది. లోపల వంటింట్లో కొత్త పొయ్యి బొట్లు పెట్టింది పెట్టినట్లే ఉండాది, ముట్టినోళ్లు లేరు. వదిన నన్ను చూసి తిట్టబోయి, తిట్టలేక, మీ అన్నంత మొండి మనిషిని నేను యాడా చూడలేదమ్మా అనింది. కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టి, గృహప్రవేశానికి రా వదినా అని పద్ధతిగా పిలిచింది. వాళ్లింట్లోనే నిలబడి ఉండాను, అయినా పిలిచింది. నేను గిన్నె పెట్టి పొయ్యి అంటించినా. పాలు పొంగి పొయ్యి మీద పడినాయి. మా అన్న గోడకి తిరిగి పంచెతో మొహం తుడుచుకున్నాడు. మా ఇంటాయన హాల్లో టెలిఫోన్ వైరు కనపడితే దాన్ని పరీక్ష చేస్తా ఉండాడు. వదిన చూసి, ఆ చెయ్యి తీయ్ అన్నయ్యా అనింది.

మర్నాడు తిరుగు బస్సులో ఆయన కిటికీ కాడ, నేను పక్కన. రేణిగుంట దాటినాము. ఏదీ, యాడ ఆగింది మీ ఫాక్సు, చూపించు అని నేను ఎకసెక్కమాడినా. ఆయన బయటికి చూస్తానే అడిగినాడు.

"మౌసుకి పసుపు బొట్టు నువ్వేనా పెట్టింది?"

నేను బిత్తరపోయినా. నా వేళ్ల పక్క చూసుకున్నా, గోళ్ల సందుల్లో ఇంగా పసుపు ఉండాది. తెలిసీ ఎందుకయ్యా ఆ పిచ్చి మాట చెప్పినావు అన్నా.

"డబ్బాలోనే ఉన్నిందంటే మీ అన్న నమ్ముతాడా? నెల ముందే చదివి దాచిపెట్టినా అనుకుంటాడు. రేణిగుంట అంటే నవ్వి ఊరుకుంటాడు. నవ్వనీలే."

గుడి దాటిందాకా ఆ తడి మనిషిని ఎందుకు ఈడ్చుకోని పోయినాడో అప్పుడు తెలిసింది నాకు. ఇంటికి పోయినాంక రింగులు ఒగటి తీసేసి ఆరు పెట్టుకున్నాడు. నేను గుడ్డ తడిపి తెచ్చి మౌసు తుడస్తామని పోతే, ఉండనీ అన్నాడు. తుడవలేదు.